పుస్తకాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి: గంటల తరబడి చదివేవాళ్ళు మెడ, నడుం కాపాడుకోవడం ఎలా?

సాయంత్రం ఐదింటికి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ టీ బండి దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో మెడ వెనక నొక్కుకుంటూ కనిపిస్తారు. అవనిగడ్డలో డీఎస్సీకి చదివేవాళ్ళదీ, నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళదీ ఇదే అవస్థ. నేనూ అలా మెడ నొక్కుకున్నవాణ్ణే. గ్రూప్-2కి చదివే రోజుల్లో హాస్టల్ మంచం మీద గోడకు జారగిలబడి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రోజుకు పది గంటలు చదివాను. నాలుగో నెలలో మెడ పట్టేసింది. ఆరో నెలకు కుడి చెయ్యి బొటనవేలి దాకా తిమ్మిరెక్కడం మొదలైంది. పరీక్ష దగ్గరపడ్డాక దాదాపు రెండు నెలలు సరిగ్గా చదవలేకపోయాను. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ నొప్పి రాకుండా చూసుకోవడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు.

నన్ను చూసిన ఫిజియోథెరపిస్టు మెడ మీద చెయ్యి వెయ్యకముందే ఒక మాట అడిగారు: "బాబూ, పుస్తకం ఎక్కడ పెట్టుకుని చదువుతావు?" చదివే తీరు చేసి చూపించమన్నారు, చూపించాను. "మెడను పుస్తకం దగ్గరికి తీసుకెళ్తున్నావు. పుస్తకాన్నే కళ్ళ దగ్గరికి తెచ్చుకో. అరగంటకోసారి లే. మిగతావన్నీ ఈ రెండూ చేశాకే" అన్నారు. కింద రాసినదంతా ఆ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

మన తల బరువు సుమారు 4.5 నుంచి 5 కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు వెన్ను మీద తిన్నగా నిలుస్తుంది. ముందుకు వంచినప్పుడు తల కిందికి వాలిపోకుండా మెడ వెనక కండరాలు లాగి పట్టుకోవాలి. న్యూయార్క్‌కు చెందిన వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో ఈ భారాన్ని లెక్కగట్టారు. తల 15 డిగ్రీలు వంచితే మెడ మీద 12 కిలోలు, 30 డిగ్రీలకు 18, 60 డిగ్రీలకు 27 కిలోలు పడుతుందని ఆయన లెక్క. బతికున్న మనిషి మెడలో కొలిచిన అంకెలు కావివి, కంప్యూటర్ నమూనా మీద లెక్కవేసినవి. అయినా సంగతి అర్థం చేసుకోవడానికి చాలు. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదవడమంటే బియ్యం బస్తాను మెడకు వేలాడదీసుకుని చదవడమే.

మొదటి పని: పక్క నుంచి ఒక ఫొటో

అద్దం ముందు అందరం నిటారుగానే కూర్చుంటాం. అందుకే మీ రూమ్మేట్‌కో, తమ్ముడికో చెప్పి ఉంచండి: మీరు చదువులో మునిగిపోయాక, కూర్చుని ముప్పావు గంట దాటాక, చెప్పకుండా పక్క నుంచి ఒక ఫొటో తియ్యమనండి. అందులో చెవి ఎక్కడుంది, భుజం ఎక్కడుంది చూడండి. చెవి భుజానికి సూటిగా పైన ఉంటే మంచిదే. బెత్తెడు ముందుకు వచ్చి ఉంటే మీ మెడ రోజంతా ఆ బరువు మోస్తున్నట్టే. నడుం దగ్గర చొక్కా వెనక్కి ఉబ్బి కనబడితే వీపు గూనిలా వంగిందని అర్థం. ఈ ఫొటో దాచుకోండి. రెండు వారాల తర్వాత ఇంకోటి తీయించి పక్కపక్కన పెట్టి చూసుకుందురుగాని.

రెండో పని: పుస్తకానికి వాలు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఇదొక్కటే చేసినా సగం బాధ తప్పుతుంది.

మన ఇళ్ళలో రామాయణం, భాగవతం పారాయణ చేసే పెద్దవాళ్ళు గ్రంథాన్ని నేల మీద పెట్టరు, వ్యాసపీఠం మీద పెడతారు. ఒకదానిలో ఒకటి ఇమిడి కత్తెరలా తెరుచుకునే చెక్కపలకలు అవి. ఖురాన్ చదివేవాళ్ళు దాన్నే రెహల్ అంటారు. గ్రంథం మీద గౌరవం ఒక కారణం. చదివేవాళ్ళ మెడకు కలిగే సుఖం రెండోది. పేజీ కళ్ళకేసి వాలి ఉంటుంది కాబట్టి తల అంతగా వంచక్కర్లేదు. గంటల తరబడి పారాయణ చేసేవాళ్ళకు ఉపయోగపడిన వస్తువు గంటల తరబడి పాలిటీ చదివే మీకెందుకు ఉపయోగపడదు? ఇంట్లో అటక మీద ఉంటే దింపి దుమ్ము దులిపి బల్ల మీద పెట్టుకోండి.

వ్యాసపీఠం లేకపోతే ఇలా చేయండి. పరీక్షలకు తీసుకెళ్ళే అట్ట, అదే ఎగ్జామ్ ప్యాడ్, మామూలుగా 35 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాని పైఅంచు కింద లావుపాటి పుస్తకాలు పేర్చండి. రెండు బెత్తెళ్ళ ఎత్తు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు లేపితే దాదాపు 25 డిగ్రీల వాలు వస్తుంది. చదవడానికి ఇది బాగుంటుంది. పుస్తకం జారకుండా కింది అంచు దగ్గర ఒక స్కేలు అడ్డంగా పెట్టి టేపు వేయండి. పేజీలు మూసుకుపోకుండా బట్టలారేసే క్లిప్పులు రెండు చాలు.

రాయడానికి అంత వాలు పనికిరాదు, మణికట్టు నొప్పెడుతుంది. బెత్తెడు చాలు. స్టేషనరీ దుకాణంలో దొరికే లావుపాటి బాక్స్ ఫైలు ఉంది చూశారా, కాగితాలు గుచ్చుకునే ఇనప కమ్మీ ఉన్నది? ఒక అంచు లావుగా, ఇంకో అంచు సన్నగా ఉంటుంది. లావు అంచు అవతలికి, సన్నది మీ వైపుకి వచ్చేలా బల్ల మీద పడుకోబెడితే రాతకు సరిపోయే వాలు వచ్చేస్తుంది. మెయిన్స్ జవాబులు రాసి రాసి భుజం లాగేస్తోందనేవాళ్ళు ముందు దీన్ని ప్రయత్నించండి. పాత ఇళ్ళలో లెక్కలు రాసుకోవడానికి వాలు మూత పెట్టెలు ఉండేవి. అవి అలా చేసింది కూడా ఇందుకే.

ఇంకో సంగతి. మెటీరియల్ ఎడమ పక్కన పెట్టుకుని, నోట్స్ కుడి పక్కన రాసుకుంటూ మెడ పక్కకి తిప్పి గంటలు గడిపేవాళ్ళు చాలామంది. చూసి రాసే కాగితం, రాసే పుస్తకం రెండూ మీ ముక్కుకి ఎదురుగా ఉండాలి. చదివేది పైన వాలుమీద, రాసేది దాని కింద.

మూడో పని: కూర్చునే చోటు

ఖరీదైన కుర్చీ కొనమని నేను చెప్పను. హాస్టల్లో ఉండేది ప్లాస్టిక్ కుర్చీయే, దాన్నే బాగు చేసుకుందాం. ఆ కుర్చీతో ఇబ్బంది ఏమిటంటే సీటు వెనక్కి పల్లంగా ఉంటుంది. కూర్చోగానే తుంటి వెనక్కి జారి నడుం గుండ్రంగా వంగుతుంది. ఒక దుప్పటి మడతపెట్టి సీటు వెనక భాగంలో వేసి పల్లం పూడ్చండి. తర్వాత ఒక తువ్వాలును మీ ముంజేయంత లావుగా చుట్టి, రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లు వేసి, బెల్టు పెట్టుకునే చోటికి కాస్త పైన నడుం వంపులో పెట్టుకోండి. తుంటి కుర్చీ వెనక దాకా ఆనించి కూర్చోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. పొట్టివాళ్ళకు ఆనకపోతే పాదాల కింద ఒక పీట.

బల్ల ఎత్తు చూసుకోవడం తేలిక. భుజాలు వదులుగా వేలాడదీసి మోచేతులు మడవండి. బల్ల ఉపరితలం మోచేతుల ఎత్తుకి గానీ, ఒక రెండు వేళ్ళు పైకి గానీ ఉండాలి. బల్ల మరీ ఎత్తయితే భుజాలు చెవుల దాకా లేచిపోతాయి, మెడకూ భుజానికీ మధ్య నొప్పి అక్కడే పుడుతుంది. కుర్చీ మీద దిండు వేసి మీరే పైకి లేవండి. బల్ల తక్కువ ఎత్తులో ఉంటే దాని కాళ్ళ కింద ఇటుకలు.

జేబులో పర్సు పెట్టుకుని దాని మీదే కూర్చునే అలవాటు అబ్బాయిలకు ఉంటుంది. తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది. తీసి బల్ల మీద పెట్టండి.

నేల మీద మఠం వేసుకుని చదవడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. కానీ మోకాళ్ళు తుంటికంటే పైకి లేస్తే నడుం తప్పకుండా వంగుతుంది. గట్టి దిండో, మడిచిన దుప్పట్లో పిరుదుల కింద వేసుకుని నాలుగు వేళ్ళ ఎత్తున కూర్చోండి. మోకాళ్ళు కిందికి దిగుతాయి, వీపు దానంతటదే నిటారవుతుంది. ముందు చిన్న రాతబల్ల పెట్టుకోండి. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా ఆగకుండా మార్చుకుంటూ ఉండండి.

మంచం మీద మాత్రం చదవకండి. బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి చదివితే మెడ వెనక్కి విరిగినట్టు ఉండిపోతుంది. జారగిలబడితే ముందుకు మడుచుకుపోతుంది. పిల్లల్ని నిద్రపుచ్చి ఆ పక్కనే, వాళ్ళు లేస్తారేమోనని మసక వెలుతురులో డీఎస్సీకి చదువుకునే తల్లులు నాకు తెలుసు. వాళ్ళని వేరే గదికి వెళ్ళమనడం సులువు, వెళ్ళడం సులువు కాదు. అమ్మా, మీరు మంచం దిగి, మంచానికే వీపు ఆనించి, పిరుదుల కింద దిండు వేసుకుని నేల మీద కూర్చోండి. ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీద అట్ట, దాని మీద పుస్తకం. పేజీ మీద మాత్రమే పడే చిన్న క్లిప్ లైటు ఒకటి తగిలించుకోండి. బిడ్డ నిద్ర చెడదు, మీ మెడా నిలుస్తుంది.

వెలుతురు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ట్యూబ్‌లైటు వీపు వెనక ఉంటే మీ నీడే పేజీ మీద పడుతుంది, తెలియకుండానే ముందుకు వంగుతారు. దీపం పక్క నుంచి రావాలి, కుడిచేత్తో రాసేవాళ్ళకు ఎడమ పక్క నుంచి. అన్నీ సరిచేసుకున్నా ముందుకు వంగుతూనే ఉంటే కళ్ళు పరీక్ష చేయించుకోండి. అద్దాలు అవసరమై పెట్టుకోనివాళ్ళకి మెడ నొప్పి రావడం మామూలే.

నాలుగో పని: ఫోన్, ల్యాప్‌టాప్ క్లాసులు

ఫోన్‌లో పాఠాలు వినేటప్పుడు చేత్తో పట్టుకోకండి. స్టీలు డబ్బాలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి పైన ఫోన్ నిలబెట్టి, కళ్ళకు కాస్త కిందుగా ఉండేలా చూసుకోండి. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతర మీదికి ఎత్తి, టైపు చేసే పని ఉంటే విడిగా ఒక కీబోర్డు కొనుక్కోండి. వినడం మాత్రమే చాలే పాఠమైతే ఇయర్‌ఫోన్ పెట్టుకుని డాబా మీద నడుస్తూ వినండి. కరెంట్ అఫైర్స్ సగం ఇలా నడకలోనే అయిపోతాయి.

ఐదో పని: అరగంటకోసారి లేవండి

ఇన్ని సవరణలూ చేసుకుని కదలకుండా మూడు గంటలు కూర్చుంటే మళ్ళీ నొప్పే. నొప్పి తెచ్చేది వంకర భంగిమ ఒక్కటే కాదు, ఎంతసేపు ఒకే భంగిమలో ఉన్నారన్నది కూడా. పదిహేను ఇరవై నిమిషాలు వంగి కూర్చుంటే వెన్ను వెనక ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలు, అంటే లిగమెంట్లు, మెల్లగా సాగుతాయి. లేచాక కూడా అవి వెంటనే మామూలు స్థితికి రావు. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులకు పెద్దయ్యాక నేరుగా రక్తసరఫరా చాలా తక్కువ. చుట్టుపక్కల నుంచి ద్రవం లోపలికి ఇంకడం ద్వారానే వాటికి పోషణ అందుతుంది, దానికి కదలిక తోడ్పడుతుంది. మనం లేచి తిరగడం వాటికి అన్నం పెట్టడం లాంటిది.

ఫోన్‌లో 30 నిమిషాలకు అలారం పెట్టండి. మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా పెన్సిల్‌తో గీత పెట్టి లేవండి. ఒక నిమిషం, రెండు నిమిషాలు చాలు. "ధ్యాస చెదురుతుంది" అంటారు. నేనూ అన్నాను. లేచి నిలబడి ఇప్పుడే చదివినదాన్ని పుస్తకం చూడకుండా నోటితో చెప్పుకోండి. ధ్యాస చెదరదు, చదివింది గట్టిపడుతుంది. అలారం మీద నమ్మకం లేకపోతే లీటరున్నర బాటిల్ మానేసి చిన్న గ్లాసుతో నీళ్ళు పెట్టుకోండి. దాహం వేసినప్పుడల్లా లేవాల్సిందే.

స్టడీ హాలు క్యూబికల్‌లో లేస్తే పక్కవాళ్ళకి ఇబ్బంది అనుకునేవాళ్ళు మెట్ల దాకా వెళ్ళి రండి.

ఆరో పని: నాలుగు కదలికలు

రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు. చాప కూడా అక్కర్లేదు.

గడ్డం వెనక్కి: ఎదురుగా చూస్తూ, తల పైకీ కిందికీ వంచకుండా, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగండి. గడ్డం కింద ముడత పడాలి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. ముందుకు వచ్చేసిన తలను వెనక్కి తెచ్చేది ఇదే, మిగతా మూడూ మరిచినా దీన్ని మరవకండి.

వీపు రెక్కలు దగ్గరికి: భుజాలు పైకెత్తకుండా, వీపు మీది రెండు రెక్క ఎముకల మధ్య ఒక పెన్ను పెట్టి బిగించి పట్టుకున్నట్టు దగ్గరికి తెండి. ఐదు అంకెలు, పదిసార్లు.

గుమ్మంలో ఛాతీ సాగదీయడం: ద్వారబంధానికి రెండు పక్కలా ముంజేతులు ఆనించి ఒక కాలు ముందుకు వేయండి. ఛాతీ ముందు భాగం సాగుతుంది. 20 నుంచి 30 సెకన్లు అలా ఉండండి, రెండుసార్లు.

నిలబడి వెనక్కి వంగడం: అరచేతులు నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగి రండి. ఐదుసార్లు. గంటల తరబడి ముందుకు వంగిన నడుముకు ఇది వెంటనే హాయినిస్తుంది. ఇది చేస్తున్నప్పుడు నొప్పి కాలిలోకి దిగితే ఆపేయండి.

వీటికి తోడు సాయంత్రం అరగంట చురుగ్గా నడవండి. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ పెద్దవాళ్ళందరికీ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే ఆ లెక్క తీరుతుంది. యోగా అలవాటు ఉన్నవాళ్ళు భుజంగాసనం, శలభాసనం చేసుకోండి. వీపు కండరాలకు బలం అక్కడి నుంచి వస్తుంది.

తెల్లవారుజామున చదివేవాళ్ళకి ఒక మాట

నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, అలాగే పుస్తకం మీదికి వంగిపోవడం మన దగ్గర మంచి విద్యార్థి లక్షణం. వెన్నుకి మాత్రం అది చాలా గడ్డు వేళ. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం రాత్రికంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుగా ఉండేది అందుకే. అలా బిగిసి ఉన్నప్పుడు వంగితే వాటిమీద ఒత్తిడి మరీ ఎక్కువ. లేచిన మొదటి అరగంట, గంట వంగకుండా చదవండి: చేత్తో పుస్తకం పైకి పట్టుకుని డాబా మీద నడుస్తూ, లేదా అల్మారా అర మీద పుస్తకం పెట్టి నిలబడి. బట్టీ పట్టాల్సినవి ఆ వేళకి పెట్టుకోండి. బకెట్ ఎత్తాల్సి వస్తే నడుం కాదు, మోకాళ్ళు వంచండి.

నొప్పి అప్పటికే మొదలైతే

వేడినీళ్ళ బ్యాగు 15 నిమిషాలు పెట్టుకోండి, బట్ట చుట్టి. బామ్ రాసుకోండి, హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయితో మళ్ళీ పాత మంచం మీదికే వెళ్ళకండి. రోజుల తరబడి పడుకుని ఉండటం మేలు చేయదు. నొప్పి ఓర్చుకోగలిగినంతలో నడవండి. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు రోజూ మింగకండి, కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. మెడకు కాలరు, నడుముకు బెల్టు మీ అంతట మీరు కొని వారాల తరబడి వాడితే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

సెలూన్‌లో తల మర్దన అయ్యాక మెడను ఒక్క ఉదుటున తిప్పి టక్కుమనిపిస్తారు కదా, అది చేయించుకోకండి, దయచేసి. మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు మెడలోంచే వెళ్తాయి. అలాంటి కుదుపుకి అవి చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి.

రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టునో, ఎముకల డాక్టరునో కలవండి. స్కానింగ్‌లో "డిస్క్ ఉబ్బింది" అని రాశారని కంగారుపడకండి. ఏ నొప్పీ లేని వేలమంది స్కాన్లను కలిపి చూసిన 2015 నాటి ఒక సమీక్షలో 20 ఏళ్ళ వయసువాళ్ళలోనే 30 శాతం మందికి ఆ ఉబ్బు కనిపించింది. కాగితం మీది మాట ఒక్కటే చూడరు, మీ నొప్పితో కలిపి చూస్తారు.

కొన్నిటికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూత్రం, మలం మీద అదుపు తప్పడం, మూత్రం రాకుండా బిగుసుకుపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలిలో గానీ చేతిలో గానీ పట్టు తగ్గిపోవడం, నొప్పితో పాటు జ్వరం, పడిపోయాక గానీ ప్రమాదం తర్వాత గానీ వచ్చిన నొప్పి: వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. పరీక్ష రేపున్నా సరే. తిమ్మిరి చేతిలోకో కాలిలోకో పాకుతుంటే నాలాగా రెండు నెలలు లాగకుండా ఆ వారంలోనే చూపించుకోండి.

పరీక్ష హాలు

గ్రూప్-1 మెయిన్స్‌లో పేపరుకు 3 గంటలు. గ్రూప్-2లో రెండున్నర. బెంచీ మీరు ఎంచుకున్నది కాదు, వాలు పెట్టుకోనివ్వరు, లేవనివ్వరు. అందుకే ఆఖరి నెలలో వారానికి ఒక మాక్ టెస్టు చదునైన బల్ల మీద, వట్టి కుర్చీలో, లేవకుండా రాసి చూడండి. మీ మెడ ఏ గంటకి బిగుస్తుందో అప్పుడు తెలుస్తుంది. హాల్లో ప్రతి జవాబు ముగిశాక పెన్ను కింద పెట్టి, వేళ్ళు తెరిచి మూసి, భుజాలు రెండుసార్లు వెనక్కి తిప్పి, గడ్డం ఒకసారి వెనక్కి లాగండి. పది సెకన్ల పని. ఓఎంఆర్ నింపేటప్పుడు ప్రతి 25 ప్రశ్నలకి ఒకసారి ఇదే చేయండి. పేపరుకీ పేపరుకీ మధ్య దొరికే విరామంలో మెట్ల మీద కూర్చుని నోట్స్ మీదికి వంగకుండా, ఆవరణలో నడుస్తూ ఒకసారి చూసుకోండి.